బొంగులో చికెన్‌కు నేనిచ్చిన తొమ్మిది మార్కులు

కార్తీకం, మొదటి ఆదివారం: అరకు రోడ్డు హోటల్లో బొంగులో చికెన్ నూనె ఓడుతోంది. అనుమానమొచ్చి, తిన్నాక ఖాళీ బొంగుపై మేకుతో గీత గీశాను.

రెండో ఆదివారం: అదే గీత ఉన్న బొంగు మళ్లీ నా ముందుకు వచ్చింది.

మూడో ఆదివారం: పదికి తొమ్మిది మార్కులంటూ నేను ఏనాడో రాసిచ్చిన కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు.

ఆ మార్కులు అప్పట్లో అక్కడ వండిన హుకుంపేట వైపు కొండ మనిషికి వేసినవి. ఆమె ఏ పూటకాపూట పచ్చి వెదురు కోసి, చుక్క నూనె లేకుండా మాంసం కూరి, అడ్డాకుతో మూతి బిగించి నిప్పులపై కాల్చేది. ఒకసారి కాలిన బొంగును మళ్లీ ముట్టేది కాదు. ఆలస్యమవుతోందని ఆమెను మాన్పించారు. ఇప్పుడు మూకుడులో వండిన కూరను పాత బొంగుల్లో నింపుతున్నారు.

యజమానిని నిలదీశాను.

"టూరిస్టులకి ఏటి తెలుస్తాది మాస్టారూ? మీ కాయితం సూసే వత్తన్నారు. బేగి తినండి, సల్లారిపోతాది" అని నవ్వాడు.

రుచి చూడకుండా ఏనాడూ మార్కు వేయని నా చేతిరాత ఇప్పుడు రోజూ అబద్ధమాడుతోంది.

హోటల్ యజమాని గారికి: అయ్యా, ఆ కాగితాన్ని ఎప్పుడు దించుతారో మీ సంతకంతో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటను జవాబుగా స్వీకరించను.