మామగారి నోటికి వడపోత

మంచినీళ్ళ ఫిల్టర్లు బాగుచేసే ఆ మనిషిని వీధంతా 'వడపోత' అనే పిలుస్తుంది. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది. ఎక్కడ మురికి కనబడినా అతని చేతులు ఊరుకోవు. అలాంటివాడి ఇంట్లోనే, ముందుగది కంప్యూటర్లో, రాత్రనక పగలనక యాడ్లు పారుతుంటే ప్రాణం ఎలా ఉంటుంది?

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది అతని మామగారు. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఒక్క కేక వేస్తే మైదానం అటు చివరి పిల్లలు కూడా ఆగిపోయేవారట. ఈమధ్య జబ్బు చేసి మాట పడిపోయింది, మెల్లగా మళ్ళీ వస్తోంది. కూతురు తెచ్చి తన దగ్గరే ఉంచుకుంది. రోజూ మాట్లాడించకపోతే వచ్చిన ఆ కాస్తా పోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అద్దం ముందు 'ఆ, ఊ' అని సాధన చేయమంటే ఆయనకు నామోషీ. అల్లుడితో మాట్లాడటం మరీ నామోషీ. పెళ్ళయిన నాటినుంచీ వాళ్ళ మధ్య 'బావున్నారా', 'బావున్నానండీ' తప్ప మూడో మాట లేదు.

ఆయన చూసేవి కుస్తీ పోటీలు. సరిగ్గా పట్టు బిగిసే సమయానికి, బట్టతల మీద జుట్టు మొలిపిస్తానంటూ యాడ్‌లో ఒకడు ఊడిపడేవాడు. "నీ... మొహం! అవతలికి... పో!" అని మామగారు విరుచుకుపడేవారు. పక్కగదిలో వడపోత మనసు చివుక్కుమనేది. పాపం, పెద్దాయన ఎంత అవస్థ పడుతున్నారో అనుకునేవాడు.

ఇక నడుం బిగించాడు. యాడ్లను ఆపే ఎక్స్‌టెన్షన్లు మూడు ఏరి, ఒక్కోటి ఒక్కో బ్రౌజర్లో పెట్టాడు. ఫిల్టర్లలో ఏది మంచిదో తేల్చాలంటే అన్నిటిలోనూ ఒకే మురికినీళ్ళు పోస్తాడు. ఇక్కడా అదే పద్ధతి. ఎక్కడ నొక్కినా ఏదో ఒకటి పైకి లేచే సినిమా కబుర్ల పేజీ ఒకటి వెతికి పట్టుకుని, మూడింటిలోనూ తెరిచాడు. మొదటిది యాడ్లను ఆపింది గానీ వాటి ఖాళీలను పళ్ళూడిన నోరులా వదిలేసింది. రెండోది రాజీపడ్డ రకం, మర్యాదస్తులైన యాడ్లను లోపలికి రానిచ్చింది.

"నీళ్ళలో మర్యాదస్తులైన క్రిములు కూడా ఉంటాయటే?" అని భార్యను నిలదీశాడు.

మూడోది అన్నిటినీ కడిగేసింది. దాన్నే ఖాయం చేశాడు. ఇల్లు ప్రశాంతమైంది. మామగారు కిక్కురుమనకుండా కుస్తీలు చూసుకున్నారు.

మళ్ళీ చూపించడానికి వెళితే డాక్టరమ్మ మొహం మాడింది. "పోయినసారి వాక్యాలు పలికారు, ఇప్పుడు తలూపి ఊరుకుంటున్నారేంటి? ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నారు?"

"యాడ్లతో మాట్లాడేవారండీ," అంది కూతురు మొగుడి వంక చూస్తూ. "ఈయన వాటిని చంపేశారు."

కష్టం తీర్చాననుకుని పెద్దాయన నోరే కట్టేశాడన్నమాట. ఇంటికి రాగానే ఎక్స్‌టెన్షన్ పీకేశాడు. బట్టతల యాడ్‌వాడు మళ్ళీ వచ్చాడు. మామగారు వాణ్ణి తిట్టబోయారు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఆయన తల దించుకున్నారు.

అల్లుడు ఇక సిగ్గు విడిచాడు. కుర్చీ లాక్కుని, తెరకు అడ్డంగా, మామగారికి ఎదురుగా కూర్చున్నాడు.

"మామయ్యగారూ! మీరు తాగేవి నీళ్ళా, విషమా? ఈరోజే మా ఫిల్టర్ కొనండి! మోకాళ్ళ నొప్పులు మాయం!"

మామగారు బిత్తరపోయారు.

"జుట్టు ఒత్తుగా పెరుగుతుంది! ఒకటి కొంటే ఒకటి ఉచితం!"

"అ... అడ్డం..."

"ఈ అవకాశం మళ్ళీ రాదండీ! ఇప్పుడే నొక్కండి!"

"నోర్ముయ్యరా, దొంగవెధవా! ఇంట్లో ఉన్న నీ ఫిల్టరే... కారుతోంది! ముందు... అది చూడు!"

వంటింట్లోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. తండ్రి తన మొగుణ్ణి 'రా' అనడం ఆమె ఎన్నడూ వినలేదు. భయంభయంగా మొగుడి వంక చూసింది. అతని కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి, మొహం మాత్రం చేటంతయింది. ఇవాళ్టికి చాలనుకుని అతను లేవబోయాడు. మామగారు చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

"ఎక్కడికి? నాది... ఇంకా అవలేదు."