టీవీ వెనక ఎర్రదారం తీగ

కిందటి చలికాలంలో ఒక ఆదివారం మా ఇంట్లో కొత్త టీవీ బిగించి, దాని వెనక తీగలన్నీ సర్దినవాణ్ణి నేనే. ఆ సర్దడంలో మా వదిన గంట తీగను కోసేసినవాణ్ణి కూడా నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నా పనితనం గురించి చదివి మీరు నన్ను మెచ్చుకునే ప్రమాదం ఉంది.

బొబ్బిలిలో మా ఇల్లు నిజానికి సగం ఇల్లు. అన్నయ్యా నేనూ పంచుకున్నప్పుడు పెద్ద హాలు మధ్యన గోడ కట్టించాం. అన్నయ్య పోయాక అటు వాటాలో వదిన ఒక్కతే ఉంటోంది. ఆమెకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. సెల్‌ఫోను కొనిస్తే పాడైపోతుందని బీరువాలో దాచింది. అందుకని మా ఆవిడ కరెంటు పనివాణ్ణి పిలిచి వదిన మంచం పక్కన ఒక స్విచ్చి పెట్టించింది. గోడకు కన్నం చేయించి, తీగ ఇటు లాగించి, మా టీవీ బల్ల వెనక బ్యాటరీతో మోగే చిన్న బజరు పెట్టించింది. వదినకు ఏదైనా అయితే మమ్మల్ని పిలవడానికి ఉన్న దారి అదొక్కటే. ఇదంతా నాకు అప్పుడే చెప్పిందట. నేను పేపరు చదువుతూ తల ఊపానట. ఊపే ఉంటాను, నా తల అలాంటిది.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. బల్బు, బ్యాటరీ, స్విచ్చి బోర్డు మీద గీసి, ఎక్కడ తెగితే కరెంటు ఆగుతుందో పిల్లల చేత వల్లె వేయించాను. అలాంటివాడికి టీవీ బిగించడానికి మనిషిని పంపిస్తానంటాడా షాపువాడు? అక్కర్లేదన్నాను. మా ఆవిడ నెల్లిమర్లలో చెల్లెలి ఇంటికి వెళ్లింది, మర్నాడు రాత్రికి గాని రాదు. అడ్డు చెప్పేవాళ్లు లేరు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

పాత టీవీ దించి బల్ల జరిపితే వెనక పెద్ద చిక్కు. ఎప్పుడో చచ్చిపోయిన స్టెబిలైజరు, డిస్కులు వేసే పెట్టె, ఆ పెట్టె మూలపడ్డా వేలాడుతూనే ఉన్న ఎరుపు పసుపు తెలుపు తీగలు, ఏ ఫోనుదో తెలియని చార్జరు. మా ఇంట్లో తీగ పారేయడం పాపం. "ఉండనీండి, ఎప్పుడికైనా పనికొస్తాది" అంటుంది మా ఆవిడ. కొత్త టీవీకి కావలసినవి రెండే, ఒకటి కరెంటు తీగ, రెండోది సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చేది. మిగతావన్నీ తీసెయ్యాలని తీర్మానించాను. ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అన్నిటికన్నా అడుగున ఒక సన్నటి తెల్ల తీగ కనిపించింది. దానికి ఎర్రదారం మూడు చుట్లు చుట్టి ముడేసి ఉంది. నాకు ఒళ్లు మండింది. మా ఆవిడకు దారాల పిచ్చి. కొత్త మిక్సీకి కట్టింది, స్కూటరు హ్యాండిలుకు కట్టింది, ఇప్పుడు టీవీకి కూడా దిష్టి దారం కట్టిందన్నమాట. మూఢనమ్మకాల మీద పిల్లల చేత వ్యాసాలు రాయించిన మేష్టారి ఇల్లిది. ఆ సంగతే బయటికి అని, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చి, కటింగ్ ప్లేయరుతో దారంతో సహా తీగను టక్కున కోసేశాను. కొసనున్న చిన్న డబ్బా ఏమిటో చూడకుండానే పాత చార్జర్ల సంచిలో పడేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా. గోడ కన్నంలోకి తీగ మొన తోసేసి, పైన తెల్ల సిమెంటు మెత్తాను. చాలా నున్నగా కుదిరింది.

'ముందు', 'తరువాత' అని రెండు ఫొటోలు చుట్టాల గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఆ ఉత్సాహంలో ఒక యుద్ధాల సినిమా పెట్టి, శబ్దం ఎంతవరకు పెరుగుతుందో అంతవరకూ పెంచి కూర్చున్నాను.

సాయంత్రం పాలావిడ వచ్చి తలుపు బాదింది.

"మేస్టారూ, బేగి రండి. అమ్మగారు కిందన కూకుండిపోనారు. నాను లెగదీయనేకపోతన్నాను."

వదిన మంచం పక్కన నేల మీద గోడకు ఆనుకుని ఉంది. చెయ్యి జారిన మాత్ర తీసుకోబోయి జారిపోయిందట. మధ్యాహ్నం మూడింటి నుంచి అలాగే ఉంది. ఇద్దరం చెరో రెక్కా పట్టి మంచం మీదికి చేర్చాం. ఎముకలేవీ విరగలేదు గాని కాళ్లు కొయ్యబారిపోయాయి. మంచినీళ్లు అడిగి రెండు గ్లాసులు తాగింది.

"ఒక కేక వెయ్యలేకపోయావా వదినా" అని కసిరాను. తప్పు చేసినవాడికే గొంతు పెద్దది.

"ఏసేను బాబూ. టీవీ మోగుతన్నాది కదా" అంది.

మోకాళ్లకు రాసే మందు కోసం ఇంటికి వస్తే ఫోను మోగుతోంది. మా ఆవిడ ఫొటోలు అప్పుడే చూసిందట.

"ఏటండీ, ఎర్రదారం కట్టిన తీగ అవుపడ్నేదు? ఎవులూ తీసీకుండా గుర్తుంటాదని నేనే కట్టేను. అది అక్క గంట."

సిగ్గేసింది. అంతకు మించి భయమేసింది. తల నేలకు తగిలి ఉంటే, పాలావిడ ఆ పూట రాకపోయి ఉంటే, నేను సినిమా చూస్తూనే ఉండేవాణ్ణి.

ఆ రాత్రి పాలావిడను వదిన దగ్గరే పడుకోమని బతిమాలాను. తెల్లారగానే నా నున్నటి సిమెంటును స్క్రూడ్రైవరుతో గోకి, తీగ మొన పైకి లాగి, సంచి బోర్లించి డబ్బా వెతికి, రెంటినీ కలిపాను. పనిచేస్తోందో లేదో చూద్దామని వదిన గదికి వెళ్లాను.

"ఓసారి నొక్కు వదినా."

"ఎందుకు బాబూ, ఇప్పుడు నాకేటీ అవసరం నేదు కదా."

బలవంతం చేస్తే నొక్కింది. గోడకు అవతల మా హాల్లో బజరు మోగింది. ఆమె మంచం దగ్గర నిలబడ్డ నాకు ఆ మోత స్పష్టంగా వినిపించింది.

"ఇది నీకు ఇక్కడికి వినపడుతుందా?"

"ఇనపడతాది."

"మరి నిన్న నొక్కావా?"

"నొక్కేను. మోగనేదు."

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను.

"మోగకపోతే ఏమనుకున్నావు?"

వదిన దుప్పటి మడత పెట్టుకుంటూ, నా వంక చూడకుండా చెప్పింది.

"కొత్త టీవీ ఎట్టేరు కదా బాబూ. సుట్టాలొస్తారు, సూస్తారు. మజ్జిలో ఈ గంట ఎందుకని తీయించేసినారేమో అనుకున్నాను. అందుకే మరి నొక్కనేదు."