శామీర్‌పేట దుకాణం మేడ్చల్‌లో కనిపించిన రోజు

మా నాయిన శామీర్‌పేటలో ఒక బట్టల దుకాణంలో కటింగ్ మాస్టరుగా పనిచేసేవాడు. నేను పుట్టకముందే ఆ దుకాణంలో చేరాడు. లోపల కుడివైపు మూలన ఆయన చెక్కబల్ల, దాని వెనుక రెండు మిషన్లు. బట్ట కొన్నవాళ్లు అక్కడే కొలతలిచ్చి కుట్టడానికి వదిలి వెళ్లేవాళ్లు. పాత గిరాకీలకైతే ఆయన టేపు కూడా తీసేవాడు కాదు. మనిషి గడప దాటుతుండగానే భుజాలు చూసి, "పోయినసారి కంటె సన్నబడ్డవు" అనేవాడు. అది తప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి మేడ్చల్‌లో ఒక చిన్న సర్వీస్ సెంటర్‌లో చేరాను. కంప్యూటర్లు, యూపీఎస్‌లు, ఇంటర్‌కమ్‌లు బాగుచేసేవాళ్లం. ముగ్గురం పనివాళ్లం, ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా ఇల్లు తూంకుంటలో. పొద్దున్నే నాయిన సైకిల్ మీద శామీర్‌పేటకు బయలుదేరేవాడు, నేను రెండు బస్సులు మారి మేడ్చల్ చేరేదాన్ని.

టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ మా వైపు కొత్తగా వచ్చిన రోజులవి. నాయిన పనిచేసే దుకాణం సేటు మేడ్చల్‌లో రెండో దుకాణం తెరిచాడు. పొద్దంతా మేడ్చల్‌లోనే కూర్చోవలసి వచ్చేసరికి శామీర్‌పేటలో ఏం జరుగుతోందో తెలియక ఆయనకు మనసు నిలవలేదు. ఒకరోజు నేరుగా మా సర్వీస్ సెంటర్‌కు వచ్చాడు.

"సికింద్రాబాద్‌ల మా దోస్తు ఇంట్ల కూసుండి దుకాణం చూస్తున్నడు, ఇంటర్నెట్‌ల. నాకు గట్ల కావాలె. శామీర్‌పేటది ఇక్కడ కనబడాలె. మీతోని అయితదా?"

మా ఓనరు మా ముగ్గురి ముఖాలూ చూశాడు. మేం కెమెరాలు బిగించిన మాట నిజమే కానీ, అవన్నీ అదే గదిలో టీవీకి కలిపినవి. ఒక ఊరిది ఇంకో ఊళ్లో కనిపించేలా ఎవరూ చేయలేదు. మిగతా ఇద్దరూ తల వంచుకుని చేతిలో పని చూసుకున్నారు.

"అయితది సేటు, నేను చేస్త" అన్నాను. ఎలా చేయాలో నాకు అప్పటికి తెలియదు. చేసినవాళ్లున్నారంటే నేర్చుకోవచ్చన్న ధీమా తప్ప.

ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు నాయినతో చెప్పాను.

"నాయినా, మీ దుకాణంల కెమెరాలు పెడుతున్నం. నేనే పెడుతున్న."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎవరి మీద?"

"ఎవరి మీద కాదు. సేటు మేడ్చల్‌ల కూసుండి చూస్తడట."

"ఎవరి మీద కాకుంటె చూసుడెందుకు?" నేనేదో చెప్పబోయేలోపే ఆయన మళ్లీ అన్నాడు. "ఇన్నేండ్ల సంది సేటు లేకుంటె దుకాణం తాళం నా చేతిలనే ఉన్నది. ఇగ ఇప్పుడు నా మీద కన్ను పెట్టెతందుకు నా బిడ్డనే దొరికిందా?"

కంచం సగంలో వదిలి లేచి వెళ్లిపోయాడు. వదిలేద్దామా అని అమ్మను అడిగాను. అమ్మ నాయిన కంచం తీస్తూ, "నువ్వు వద్దంటె ఇంకోడు వచ్చి పెడతడు. నువ్వయితె సరిగ పెడతవు" అంది.

మర్నాడు సేటుకు ఒక మాట గట్టిగా చెప్పాను. కటింగ్ బల్ల మీదికి కెమెరా ఉండదు, దుకాణంలో పనిచేసే ఆడపిల్లలు అన్నం తినే వెనక గదిలో అసలే ఉండదు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. "నాకు గడప, కౌంటరు కనబడితె చాలు బిడ్డా" అన్నాడు.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. నిచ్చెన ఎక్కి గోడకు డ్రిల్లు పెడుతుంటే సున్నం నా జుట్టు మీద రాలేది. నాయిన బల్ల దగ్గర నాకు వీపు చేసి నిలబడి కత్తిరించుకుంటూ పోయాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె, "మాస్టర్, నిచ్చెన మీద గా పిల్ల ఎవరు?" అని అడిగింది.

"ఏదో కంపెనీ నుంచి వచ్చిండ్రు" అన్నాడు నాయిన.

ఆ మాట నేను విన్నానని ఆయనకు తెలుసు. చేతిలో స్క్రూ జారి కింద పడితే, దాన్ని వెతుక్కునే నెపంతో కాసేపు కిందే కూర్చున్నాను.

కెమెరాలన్నీ ఒక నల్లటి డబ్బాకు కలిపాం. బొమ్మలు రికార్డయ్యేది అందులోనే. ఆ డబ్బాను ఇంటర్నెట్ మోడెమ్‌కు కలిపాను. డబ్బాతో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు ఎవరు రాశారో గానీ, ఒక వాక్యం అర్థమైతే తర్వాతిది అయ్యేది కాదు. బస్సులో రాను, పోను దాన్నే చదివేదాన్ని. మెల్లగా సంగతి బోధపడింది. దుకాణంలోని ఇంటర్నెట్‌కు బయటి లోకంలో ఒక నంబరు ఉంటుంది, మన ఇంటి నంబరులాగే. మేడ్చల్‌లో కంప్యూటర్ తెరిచి ఆ నంబరు కొడితే ఈ దుకాణం తలుపు తట్టినట్టు. అయితే మోడెమ్‌లో ఆ తలుపు ముందే తెరిచి ఉంచాలి, లేదంటే అది ఎవరినీ లోపలికి రానివ్వదు. పాస్‌వర్డు లేకుండా తెరిస్తే ఊరందరూ చూస్తారు. రెండు రోజులు కుస్తీ పట్టి మోడెమ్‌లో తలుపు తెరిచాను, పాస్‌వర్డు పెట్టాను, నంబరు కాగితం మీద రాసుకుని మేడ్చల్ బస్సెక్కాను.

సేటు దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని నంబరు కొట్టాను. ఆయన నా వెనకే నిలబడ్డాడు. కాసేపు తెల్లటి తెర, ఆ తర్వాత పేజీ దొరకలేదన్న మాట. మళ్లీ కొట్టాను. అదే.

ఈ నంబరు అప్పుడప్పుడు మారుతుంటుంది, అలా మారిందేమో అనుకుని నా సెల్‌ఫోన్ నుంచి శామీర్‌పేట దుకాణానికి ఫోన్ చేశాను. చీరలు చూపించే అమ్మాయి ఎత్తింది. అక్కడి బిల్లుల కంప్యూటర్ తెర మీద నేను తెరిచి ఉంచిన పేజీలో కనిపించే నంబరు చదవమన్నాను. చదివింది. నిజంగానే మారింది. అది రాసుకుని ఫోన్ పెట్టేసి కొట్టాను. రాలేదు. మళ్లీ ఫోన్ చేశాను. ఇంకో నంబరు చెప్పింది. అదీ రాలేదు.

వారం గడిచింది. శామీర్‌పేట వెళ్లి చూస్తే అన్నీ సరిగ్గానే ఉండేవి. మేడ్చల్ వచ్చేసరికి దొరికేది కాదు. టెలిఫోన్ ఆఫీసులో అడిగితే లైను బాగానే ఉందన్నారు. మోడెమ్ మార్చి చూశాను. నల్లడబ్బా మార్చి చూశాను. సేటు ఏమీ అనేవాడు కాదు గానీ, నేను దుకాణంలోకి రాగానే గడియారం వైపు చూసేవాడు. మా ఓనరు, "చేతకాకుంటె చెప్పమ్మా, సికింద్రాబాద్ నుంచి ఎవరినన్న పిలుస్త" అన్నాడు. మస్తు పరేషాన్ అయ్యాను. రేపొక్కరోజు ఇవ్వండి అని బతిమాలుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నాయిన కాళ్లు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దుకాణంలో పని మొదలైనప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. కాసేపు పేపరు చదివినట్టు చేసి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"నువ్వు ఊకె ఫోన్ చేస్తవు కద, గది ఎందుకు?"

"నంబర్ అడుగుతందుకు."

"నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల గా డబ్బ మీద పచ్చ లైటు ఆరిపోతాంది."

"ఏ డబ్బ నాయినా?"

"ఫోన్ పక్కన పెట్టినవు సూడు, చిన్నది. మూడు లైట్లున్నది. గంట మోగంగనే నడిమి లైటు ఆరుతది. పెట్టేసినంక జర సేపటికి మల్ల వెలుగుతది. నువ్వనే కాదు, ఎవరు చేసినా గంతే. వారం సంది చూస్తున్న."

నేను పుస్తకం మూసేశాను. నడిమి లైటంటే ఇంటర్నెట్ ఉన్నట్టు. ఫోన్ మోగితే ఇంటర్నెట్ తెగుతోంది. మళ్లీ కలిసినప్పుడు కొత్త నంబరు తీసుకుంటోంది. ఆ అమ్మాయి తెర మీద చూసి చదివేది తెగకముందున్న నంబరు. నంబరేదని అడగడానికి నేను చేసే ఫోనే ఆ నంబరును మార్చేస్తోంది! నేను బస్సులో ఉన్నప్పుడు గిరాకీలు ఎవరు ఫోన్ చేసినా అంతే.

కానీ అలా తెగకుండా ఉండటానికే ఫోన్ తీగకు స్ప్లిట్టర్ అనే తెల్లటి డబ్బీ పెడతారు. మాటను ఒకవైపు, ఇంటర్నెట్‌ను ఒకవైపు విడదీస్తుంది. అది నేను పెట్టాను కదా.

"నాయినా, దుకాణంల ఫోన్ ఒకటే కద?"

"నా బల్ల కింద ఒకటున్నది. కొలతలు అడుగుతందుకు సేటు ఎన్నడో పెట్టించిండు."

ఆ ఫోన్ సంగతి సేటు మరిచిపోయాడు. వారం రోజులు ఆ దుకాణంలో తిరిగి నేను చూడలేదు. ఎందుకు చూడలేదో కూడా నాకు తెలుసు. నాయిన బల్ల దగ్గరికి వెళ్లడానికే నాకు ముఖం చెల్లలేదు.

పొద్దున్నే నాయిన సైకిల్ మీద వెనక కూర్చుని శామీర్‌పేట వెళ్లాను. చిన్నప్పటి తర్వాత అలా కూర్చోవడం అదే. దుకాణం తెరవగానే ఆయన బల్ల కింద ఉన్న గుడ్డపీలికల మూటలు జరిపి చూపించాడు. దుమ్ము పట్టిన ఎర్ర ఫోన్. దాని తీగ నా స్ప్లిట్టర్‌కు తగలకుండా ముందే చీలి వచ్చింది. అక్కడ ఇంకో స్ప్లిట్టర్ బిగించి, నా సెల్‌ఫోన్‌తో దుకాణానికి ఫోన్ చేశాను. రెండు ఫోన్లూ మోగాయి. నాయిన వంగి మోడెమ్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆర్తలేదు" అన్నాడు.

నంబరు రాసుకుని మేడ్చల్ వెళ్లాను. సేటు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. నంబరు కొట్టాను, పాస్‌వర్డు కొట్టాను. తెర మీద నాలుగు గడులు వచ్చాయి. మొదట నల్లగా, తర్వాత ఒక్కొక్కటే వెలిగాయి. ఒకదానిలో శామీర్‌పేట రోడ్డు మీది ఎండ, గడప, గడప దగ్గర చెప్పులు విప్పుతున్న ఒక ముసలాయన. ఇంకోదానిలో కౌంటరు మీద పరిచిన చీరలు. బొమ్మ కుదుపులు కుదుపులుగా కదులుతోంది. మనుషులు నడవడం లేదు, ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతున్నారు. అయినా అది శామీర్‌పేటే.

"అరె! మన దుకాణమే!" అని సేటు లేచి నిలబడ్డాడు. బయట ఉన్న పనివాళ్లను, పక్క దుకాణం వాళ్లను కూడా కేకేసి పిలిచాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తల తిప్పకుండా తెరనే చూస్తూ కూర్చున్నాను.

ఫోన్ చేస్తే బొమ్మ నిలుస్తుందో లేదో చూడాలి. చేశాను. నిలిచింది. ఫోన్ ఎత్తింది నాయినే. కౌంటరు దగ్గరికి వచ్చి, మెడలో టేపుతో, కెమెరా కింద నిలబడ్డాడు.

"కనబడుతున్ననా?" మాట ముందు వినిపించింది. పెదవులు కదిలినట్టు బొమ్మ ఆ తర్వాత వచ్చింది.

"కనబడుతున్నవు నాయినా. మంచిగ కనబడుతున్నవు."

ఆయన చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. పక్కన చీర చూస్తున్న ఎవరితోనో, ఫోన్ చెవి దగ్గరే ఉందన్న సంగతి మరిచి, "మా బిడ్డ పెట్టింది. మేడ్చల్‌ల కూసుండి మనల్ని చూస్తాంది" అన్నాడు. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. డిప్లొమా చేతికొచ్చిన రోజు కూడా నాకంత గర్వం కలగలేదు.

పని అక్కడితో అయిపోలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నంబరు మారేది. మారే నంబరుకు మారని పేరొకటి ఇచ్చే ఏర్పాటు ఇంటర్నెట్‌లో ఉందని చదివి తెలుసుకుని అది పెట్టాను. ఆ తర్వాత సేటు ఎవరికీ ఫోన్ చేయకుండా తానే పేరు కొట్టి చూసుకోసాగాడు. బొమ్మ సైజు తగ్గించాక కుదుపులూ తగ్గాయి. కొద్ది నెలల్లోనే కీసరలో ఒక కిరాణా దుకాణం, బహదూర్‌పల్లిలో ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్లు మా సర్వీస్ సెంటర్‌కు వచ్చి, శామీర్‌పేటలో కెమెరాలు పెట్టిన అమ్మాయినే పంపమని అడిగారు. మా ఓనరు సికింద్రాబాద్ పేరు మళ్లీ ఎత్తలేదు. ఎక్కడికి వెళ్లినా నిచ్చెన ఎక్కేముందు అక్కడ రోజంతా కూర్చునేవాళ్లకు చెప్పి, ఎక్కడ వద్దో అడిగేదాన్ని.

ఒక పెళ్లిళ్ల సీజన్లో నాయినే నన్ను దుకాణానికి పిలిపించాడు. జాకెట్ల మెడ డిజైన్లు మేడ్చల్ గిరాకీలకు చూపించాలని, తన బల్ల మీదికి ఒక కెమెరా పెట్టమని సేటును ఆయనే అడిగాడట. నిచ్చెన వేశాను. నాయిన బల్ల మీద పట్టుగుడ్డ పరిచి, కెమెరాకు నేను కలిపిన చిన్న టీవీలో చూస్తూ కింది నుంచి చెబుతున్నాడు.

"ఇంక జర కిందికి... గంత కాదు... ఆ, గట్ల ఉండనీ."

"నీ ముఖం వస్తలేదు నాయినా, మెడ దాకనే వస్తాంది."

"ముఖమెందుకు?" అంటూ ఆయన కత్తెర అందుకున్నాడు. "చేతులు కనబడాలె. పని చూడనీ."

స్క్రూలు బిగించి నేను దిగేసరికి ఆయన సగం కత్తిరించేశాడు.