లైటు కాదు మేడమ్, రేడియం

2008 జూన్. సికింద్రాబాద్‌లో, బొల్లారం వెళ్ళే దారిలో ఉన్న ఒక కెమెరా పరీక్షా కేంద్రంలో నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. తొమ్మిదో తేదీ సోమవారం ఒక ఫోటాన్ కౌంటింగ్ కెమెరా వచ్చింది. వెలుగులోని అతి చిన్న తునక ఫోటాన్. ఈ కెమెరా వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. పూర్తి చీకటి గదిలో పెడితే సెకనుకు ఇరవై లోపే చూపాలి.

ఉదయం పదింటికి లైట్లు ఆర్పాక, 10.05కి 412 చూపింది. 11.05కి 96. మరునాడూ దాదాపు అంతే.

కెమెరా తెచ్చిన కంపెనీ ఇంజనీరు ప్రసన్నకుమార్ కాప్రాలో ఉండేవాడు. ఇంతకుముందు అతని కెమెరాలు రెండు నా దగ్గరే ఫెయిలయ్యాయి.

"మూడోది కూడా పోతే నన్ను ఇంటికి పంపిస్తారు మేడమ్. ఒక్కసారి మీ గది చూడండి."

"పదకొండేళ్ళుగా ఆ గది చీకటికి సంతకం పెడుతున్నాను," అన్నాను. కెమెరాను అంటే నాకేం కాదు. నా చీకటిని అన్నాడు.

అయినా తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కించాను. అటెండర్ యాదగిరిని మూడు రోజులు మూడుసార్లు అడిగాను.

"లోపల ఏదైనా లైటు ఉందా?"

"లైటు ఏడిది మేడమ్? అన్ని బంద్ జేసే వస్తున్న."

గురువారం ఫెయిల్ అని రాయడానికి పెన్ను తీశాను. 412, 96 పక్కపక్కన కనిపించాయి. చెడిపోయిన కెమెరా చెడిపోయినట్టే ఉండాలి కదా, గంటలో ఇంత బాగుపడటమేమిటి? ఎప్పుడూ బయట కంప్యూటరు దగ్గర కూర్చునేదాన్ని, ఆ రోజు యాదగిరిని తోడు తీసుకుని గదిలోకి వెళ్ళి లైటు ఆర్పించాను. కళ్ళు చీకటికి అలవాటు పడాలని, చేతి గడియారం చూసుకుంటూ సరిగ్గా ఇరవై నిమిషాలు కూర్చున్నాను.

బల్లకాలి మీద ఆకుపచ్చగా ఒక కుందేలు కనిపించింది. అరంగుళం స్టిక్కరు.

"ఎవరు అంటించారు?"

"నేనే మేడమ్, పోయినవారం. లైటు బంద్ జేసి వస్తుంటే దినాం గా బల్ల నా కాలుకు తాకుతున్నది. గోరు సుత లేచింది. చీకట్ల కనబడాలని అంటించిన."

"మూడు రోజులుగా అడుగుతున్నాను కదయ్యా, లైటు ఉందా అని?"

"మీరు లైటు అడిగిండ్రు. గిది రేడియం."

వెలుగు పీల్చుకుని, చీకట్లో కాసేపు మెరిసి మెల్లగా మసకబారే దేన్నయినా మా ఊళ్ళో రేడియమే అంటారు. దానికి స్విచ్చి లేదు, కాబట్టి అది లైటు కాదు. అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు.

కుందేలును గీకేశాం. కెమెరా 14 చూపింది. పాస్ అని సంతకం చేశాను. ప్రసన్నకుమార్ తలుపు సందుల్లోంచి నల్లగుడ్డ తీసి, చక్కగా మడతపెట్టి నా చేతికిచ్చాడు.

ప్రశ్నను నా మాటల్లో కాక, జవాబు చెప్పేవాళ్ళ మాటల్లో అడగాలని యాభై ఏడేళ్ళ వయసులో నేర్చుకున్నాను. పరీక్ష ఫారంలో "లైట్లు ఆర్పారా?" అన్నది కొట్టేసి, "గదిలో మెరిసేది ఏమైనా ఉందా?" అని రాశాను. వెంటనే యాదగిరినే అడిగి చూశాను.

"ఇప్పుడైతే ఏం లేదు. పొద్దుగాల మీరు కూసున్నప్పుడు ఉండె."

"ఏమిటది?"

"మీ గడియారం ముళ్ళు."

గడియారం విప్పి సొరుగులో పెట్టాను. గోడ గడియారం చూసి టైము రాసుకున్నాను.