మల్లమ్మ నిశానీ

1978లో శాలిబండ నుంచి ఛత్రినాకకు పోయే దారిలో నాకొక ముల్గీ ఉండేది. ముల్గీ అంటే వీధిలోకి తెరుచుకునే ఒంటిగది కొట్టు. అందులో ఒక ఇంగ్లీషు టైపు మిషను, రెండు స్టూళ్లు, ఒక స్టాంపు ప్యాడు. నాది జాబ్ టైపింగ్, అంటే ఎవరికి ఏ కాగితం కావాలన్నా పేజీకి ఇంతని కొట్టిచ్చే పని. అర్జీలు, అఫిడవిట్లు, కిరాయి కాగితాలు. దారిన పోయేవాళ్లు ఆగి నా వేళ్ల వేగం చూసేవారు, దాంతో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. కాగితంలో ఏముందని అడిగినవాళ్లకు చెప్పేవాణ్ని, అడగనివాళ్లకు చెప్పేవాణ్ని కాదు. నా పని కొట్టడం, చదివి వినిపించడం కాదు అనుకునేవాణ్ని.

ఆ రోజుల్లో సూడాన్, యెమెన్, ఇరాన్ దేశాల నుంచి చదువుకోవడానికి కుర్రాళ్లు మన ఊరికి వచ్చి, పాతబస్తీలో కిరాయి గదుల్లో ఉండేవారు. వాళ్లు ఇక్కడ ఉండటానికి పర్మిట్ కావాలి. దాన్ని పొడిగించాలంటే రెసిడెన్స్ ప్రూఫ్ చూపాలి. అంటే, ఫలానా కుర్రాడు మా ఇంట్లో ఉంటున్నాడని ఇంటివాళ్లు సంతకమో నిశానీయో పెట్టిన కాగితం. నిశానీ అంటే వేలిముద్ర. చిక్కంతా అక్కడే. మన బస్తీల్లో గది నోటిమాట మీద ఇస్తారు. కిరాయిదారు చేతిలో కాగితం పడితే ఇల్లు వాడిదైపోతుందని భయం. నేను కొట్టిచ్చిన కాగితాలు చాలామటుకు సంతకం లేకుండానే తిరిగొచ్చేవి.

ఇద్రీస్ సూడాన్ కుర్రాడు, బి.కాం. ఆఖరి ఏడు. నా ముల్గీ తలుపు కంటే ఎత్తు, వంగి లోపలికి వచ్చేవాడు. కాగితం అడిగిన పాపానికి బహదూర్‌పురాలో ఒకాయన అతన్ని గది ఖాళీ చేయమన్నాడు. తర్వాత ఛత్రినాకలో మల్లమ్మ ఇంట్లో చేరాడు. మల్లమ్మ భర్త పోయి ఒంటరిగా ఉంటూ, లాడ్ బజార్ దుకాణాలకు లక్కగాజులు చేసి ఇచ్చేది.

"సత్తయ్య భాయ్, అమ్మ మస్తు మంచిది. నాకు బుఖార్ వస్తే జావ కాసి పోసింది. కాని కాగజ్ అంటే వద్దంటది," అన్నాడు.

సోమవారం లోపల కాగితం చూపకపోతే పర్మిట్ పొడిగించరు. పర్మిట్ లేకపోతే పరీక్షలు రాయకుండానే దేశం పోవాలి. ఆ రోజు శుక్రవారం.

నేను కాగితం కొట్టి, నాకు తెలిసిన ఉపాయం కూడా చెప్పాను. "రేషన్ కార్డు కాగితమని చెప్పి వేలు పెట్టించుకో. ఆమెకు సదువు రాదు గద."

ఇద్రీస్ కాగితం అందుకోలేదు. "ఆమె చేతి అన్నం తిన్న భాయ్. ఝూట్ చెప్పలేను. రేపు అమ్మనే ఇక్కడికి తెస్త, మీరు సమ్‌జాయించండి," అన్నాడు. బతకనేర్వని కుర్రాడని లోపల నవ్వుకున్నాను.

మర్నాడు పొద్దున ఇద్రీస్ వెంట మల్లమ్మ వచ్చింది. స్టూలు మీద కూర్చుని కాగితం వంక చూడలేదు, నా మిషను వంకే చూస్తోంది. మాటల్లో పెట్టి పని కానిద్దామని ఆమె బొటనవేలు పట్టుకున్నాను. ఏళ్ల తరబడి వేడి లక్క తగిలి గీతలన్నీ అరిగిపోయాయి. లక్క పనివాళ్లందరితో అనే పరాచికమే ఆమెతోనూ అన్నాను.

"గీ వేలితోని దొంగతనం చేసినా పోలీసోళ్లు పట్టలేరు పెద్దమ్మా."

ఆమె నవ్వలేదు. "మా ఆయనతోని గూడ గిదే మాటన్నవ్ బిడ్డా," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. "ఎనిమిదేండ్లయింది. నల్లా నీళ్ల కనెక్షన్ కాగితమని మా మరిది ఈడికి తీస్కొచ్చిండు. నువ్వే కొట్టినవ్. నువ్వు నవ్వినవ్, మా ఆయన గూడ నవ్వి వేలు పెట్టిండు. ముంగటి సగం ఇల్లు మరిది పేరు మీదికి పోయింది. నల్లా గూడ రాలే."

నేను ఆమె వేలు వదిలేశాను.

"నీ మీద కోపం లేదు బిడ్డా. నువ్వు కొట్టినవ్, సదివి చెప్పలే. గంతే."

ఎంత గింజుకున్నా ఆయన ముఖం నాకు గుర్తు రాలేదు. ఆ పరాచికం మాత్రం నాదే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముందురోజు నేను ఇద్రీస్‌కు నేర్పింది అచ్చంగా ఆ మరిది చేసిన పనే. ఇద్రీస్ అక్కడే నిలబడి అంతా విన్నాడు. నా ఉపాయం సంగతి ఆమె ముందు ఒక్క మాటైనా బయటపెట్టలేదు. ఆ మేలు నేను ఈనాటికీ మరవలేదు.

స్టాంపు ప్యాడు మూసేశాను. కాగితం చేతిలోకి తీసుకుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ఇల్లు మల్లమ్మది, ఇద్రీస్ ఒక గదిలో కిరాయికి ఉంటున్నాడు, అంతే. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మూడోసారి అయ్యాక, "ఇంకొక్క మాట రాస్తవా?" అంది.

"రాస్త పెద్దమ్మా. నువ్వు పొమ్మన్ననాడు ఖాళీ చెయ్యాలని రాయాల్నా?"

"అది కాదు. సదువు అయ్యేదాక గీ పిలగాన్ని ఎవ్వరు ఎల్లగొట్టొద్దని రాయి. రేపు నాకేమన్న అయితే మా మరిది వస్తడు."

ఇద్రీస్ ముఖం వీధి వైపు తిప్పుకున్నాడు. వేగానికి పేరుబడ్డ నేను ఆ వాక్యం కలిపి కొట్టడానికి మూడు కాగితాలు పాడు చేశాను. కొట్టింది మళ్లీ చదివి వినిపించాక ఆమె వేలు పెట్టింది. పడింది ఒక నల్లటి మరకే. పక్కన ఆమె పేరు, కింద ఎల్.టి.ఐ., అంటే ఎడమచేతి బొటనవేలి ముద్ర, అని రాశాను. ఆమె వేలి సిరా తలకు తుడుచుకుని లేచింది.

పర్మిట్ వచ్చింది, ఇద్రీస్ పరీక్షలు రాశాడు. మల్లమ్మకు పోయిన సగం ఇల్లు మాత్రం నేను తెచ్చివ్వలేకపోయాను. చేయగలిగింది ఒక్కటే చేశాను. ఆనాటి నుంచి చదివి చెప్పకుండా ఎవరి వేలూ నా ప్యాడు తాకనివ్వలేదు. విన్నాక నిశానీ పెట్టకుండా లేచిపోయినవాళ్లున్నారు. వాళ్లను తోలుకొచ్చినవాళ్లు నన్ను తిట్టి వేరే టైపిస్టు దగ్గరికి పోయారు. పోతే పోయారు. టైపు నాకు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పారు, ఆ పని ఎలా చేయాలో మాత్రం ఈ ఇద్దరే నేర్పారు.

దేశం వెళ్లేముందు ఇద్రీస్ మళ్లీ వచ్చాడు. "గది ఖాళీ చేసినట్టు కాగజ్ కొట్టండి భాయ్. అమ్మ అడగలేదు, నేనే ఇస్త. మీరే వచ్చి చదవాలి," అన్నాడు.

ఇద్దరం మల్లమ్మ ఇంటికి పోయాం. ఆమె లక్క కుంపటి ముందు కూర్చుని ఉంది. ఇద్రీస్ అనే నేను ఈ గదిలో కిరాయికి ఉండి ఈ రోజు ఖాళీ చేసి తాళంచెవి అప్పగించాను, ఇకమీదట ఈ ఇంటి మీద నాకు ఏ హక్కూ లేదు, అని చదివి ఆపాను.

మల్లమ్మ చేతిలోని లక్క పక్కన పెట్టింది.

"గా హక్కు లేదన్న మాట తీసెయ్యి బిడ్డా," అంది. "మల్లొస్తే ఏడికి పోతడు?"

ఆ వాక్యం మీద పెన్నుతో గీత గీసి, కాగితం మళ్లీ మొదటినుంచి చదివాను.