పదో రోజు నీళ్లు తాగిన కుక్క

1961, ఎండలు ముదురుతున్న రోజులు, శుక్రవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. గడియారం నాది కాదు, బడి అయ్యవారిది. ఆయన అక్కడే ఉన్నారు, చూసి చెప్పారు.

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. చూసింది చూసినట్టు రాయడం తప్ప ఇంకేమీ రాదు.

మైపాడుకు కాస్త దక్షిణంగా, సముద్రం ఒడ్డున మా పాళెం. మగవాళ్లు సముద్రం మీద చేపల వేటకు పోతే ఆడవాళ్లం చేపలు ఎండబెట్టేవాళ్లం. కరియ అని ఒక నల్ల కుక్క ఉండేది. ఎండు చేపల మీద కాకిని వాలనిచ్చేది కాదు. నా వాకిట్లోనే పడుకునేది. పేరు పెట్టింది నేనే. తెగిన వలతాడు ముక్క దాని మెడకు కట్టిందీ నేనే. చేప తలకాయలు విసిరితే తినేది. కుక్కను పెంచడమంటే అంతే అనుకున్నాను.

ముందు వారం బుధవారం పొద్దున అది మా బావ పోలయ్య కూతురు చిట్టెమ్మను పిక్క మీద కరిచింది. ఐదేళ్ల పిల్ల. ఎందుకు కరిచిందో ఎవరూ చూడలేదు. పాళెం పెద్ద వెంకయ్య వచ్చాడు.

"ఎవురిదమ్మే ఈ కుక్క?"

"ఊరి కుక్క. అందురి కాడా తింటది" అన్నాను.

"మెడలో తాడో?"

"ఎవురు కట్టినారో నాకేం తెల్సు."

అందరికీ తెలుసు. బావ పడవ తెడ్డు తీసుకుని దాన్ని కొట్టి చంపాడు. సరుగుడు తోట పక్కన ఇసకలో గొయ్యి తీసి పూడ్చాడు. నేను నిలబడి చూశాను. చచ్చిందా లేదా అన్న అనుమానానికి చోటు లేదు.

పిల్లను నెల్లూరులో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు ముందు అడిగింది కుక్క ఏదని. దాన్ని కట్టేసి, తిండీ నీళ్లూ పెట్టి పది రోజులు చూడాలట. పది రోజులకీ బాగుంటే పిచ్చి లేనట్టే. చంపేశామని చెప్పడానికి నోరు రాక, పారిపోయిందన్నాడు బావ. రోజుకొకటి చొప్పున, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు మొదలుపెట్టారు.

ఎనిమిదో సూదికి పిల్లకు జ్వరం తగిలి కాళ్లు పట్టు తప్పాయి. ఆ మందు ఎవరో ఒకరికి అలా పడదట. డాక్టరు తప్పేమీ లేదు. సూదులు ఆపితే, కుక్కకు పిచ్చి ఉంటే, పిల్ల దక్కదు. ఆపకపోతే కాళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. శుక్రవారం సాయంత్రంలోగా కుక్క సంగతి కనుక్కుని రమ్మన్నాడు. అది పదో రోజు.

పిల్ల తల్లి రమణక్క, నా తోడికోడలు, బావతో కలిసి పొద్దున బస్సుకు ఆసుపత్రి నుంచి వచ్చింది. నా వాకిట్లో కూర్చుంది. వెంకయ్యా, అయ్యవారూ కూడా చేరారు.

"కరిచే ముందర అది నీళ్లు తాగతా ఉణ్ణిందా? చొంగ కార్చిందా? నీ వాకిట్లోనే కదమ్మే పడుకునేది" అని అడిగింది రమణక్క.

నాకు తెలియదు. చూడలేదు. ఆ ఉప్పు నేల మీద అది ఎక్కడ నీళ్లు తాగేదో కూడా నేను ఏనాడూ ఆలోచించలేదు.

అప్పుడు కరియ వచ్చింది.

సరుగుడు తోట వైపు నుంచి, మామూలుగా నడుచుకుంటూ. మెడలో తాడు ఉంది. ముడి నాది. వల అల్లే మనిషికి తన ముడి తెలుస్తుంది. మా మధ్య నుంచే పోయి, చేతులు కడుక్కునే సత్తు గిన్నెలో మూతి పెట్టింది. నాలుక చప్పుడు విన్నాం. నిండు గిన్నె సగానికి దిగింది. తాగి, మూతి నాక్కుని, వచ్చిన దారినే పోయింది. ఇసకలో అడుగులు పడ్డాయి. మాలో ఒక్కరి కాలూ కదలలేదు. అయ్యవారు టైము చూసింది అప్పుడే.

బావ పార తీసుకుని తోట వైపు పోయాడు. గొయ్యి తవ్వి చూసి తిరిగొచ్చి, "ఉంది. తాడు కూడా ఉంది" అన్నాడు.

రమణక్క ఆయన వైపు చూడలేదు. నన్ను అడిగింది.

"తాగిందా, లేదా?"

"తాగింది. గిన్నె చూడక్కా."

"అయితే పద. ఆ మాట డాక్టరుకు నువ్వే చెప్పాల."

బస్సులో నెల్లూరు పోయాం. కుక్క ఎవరిదని డాక్టరు అడిగాడు.

"నాదే అయ్యా. పొద్దున నా కళ్ల ముందర నీళ్లు తాగింది."

గొయ్యి సంగతి చెప్పలేదు. నేను ఆడింది అబద్ధమో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన సూదులు ఆపించాడు. రెండు నెలలకు చిట్టెమ్మ నడిచింది. ఇప్పుడు ఆమెకు మనవరాళ్లు.

ఇది చదివి ఎవరూ సూదులు మానుకోవద్దు. కుక్క కరిస్తే ఆసుపత్రికి పోండి, చెప్పినన్ని వేయించుకోండి. కుక్కను పెంచుకుంటే దానికీ సూది వేయించండి, మంచినీళ్లు పెట్టండి, ఎలా ఉందో రోజూ ఒకసారి చూడండి. ఎవరిదని అడిగితే నాదని చెప్పండి. ఆ బుధవారం నేను ఆ మాట అని ఉంటే దాన్ని చంపకుండా కట్టేసి ఉంచేవాళ్లం. పిల్లకు ఆ యాతన తప్పేది.

అది వేరే కుక్క అయి ఉంటుందన్నారు అయ్యవారు. మరి తాడో అంటే మాట మార్చారు. వేట నుంచి వచ్చిన మా ఆయన ఎండదెబ్బ అన్నాడు. ఐదుగురికి ఒక్కసారే ఎండదెబ్బ తగులుతుందా? గిన్నెలో నీళ్లకు కూడా తగులుతుందా? నాకైతే అర్థం కాలేదు. అర్థమైందనే వాళ్లను నేను నమ్మను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు పోలయ్య బావ, రమణక్క, పాళెం పెద్ద వెంకయ్య, అయ్యవారు సుందరంగారు, కోటమ్మ అనే నేను. కరియను ఇందులో చేర్చాలో వద్దో తెలియక ఇన్నేళ్లు రాయలేదు. చేరుస్తున్నాను.