గారెల నూనె జీపుకు పన్నెంత?

మా జీపు మలుపు తిరిగిందంటే చాలు, ఢిల్లీ జనక్‌పురిలో మా వరస ఇళ్లవాళ్లందరికీ ఆకలేసేది. వెనక గొట్టంలోంచి వచ్చేది డీజిల్ కంపు కాదు, గారెలు వేయించిన వాసన. పిల్లలు "పకోడా గాడీ!" అని కేకలు పెట్టేవాళ్లు. మా ఆయన హారన్ కొట్టి మరీ మురిసిపోయేవారు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు "ఆంటీ, ఆజ్ క్యా బనాయా?" అని, ఇవాళ ఏం వండారని అడగడం, నేను "మా జీపునే అడుగు" అనడం రోజూ ఉన్నదే.

ఆయన వైమానిక దళంలో ఇంజన్లు బాగుచేసే పనిలో ఉండేవారు. క్వార్టరు దొరక్క, కంటోన్మెంటుకు దగ్గరని, ఓ పంజాబీ ఆంటీ ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. జీపు మిలిటరీ వేలంలో కొన్నది. రెండు వేల ఐదో ఆరో సరిగ్గా గుర్తులేదు కానీ, అప్పట్లో డీజిల్ ధర పెరిగినప్పుడల్లా పేపరు నిండా కానుగ నూనె, అడవి ఆముదం, బయోడీజిల్ అని వార్తలు వచ్చేవి. ఆ వార్తలు చదివి అందరూ పేపరు మడిచి పక్కన పడేస్తే, మా మహానుభావుడు పెరట్లో డ్రమ్ము పెట్టారు.

నూనె మునిర్కా పేట నుంచి వచ్చేది. అక్కడ మన తెలుగు కుర్రాళ్లకు మెస్సు నడిపే అక్క ఒకావిడ ఉండేది, తెనాలి వైపు మనిషి. గారెలకూ బజ్జీలకూ వాడేసిన నూనెను మళ్లీ వంటలో పోసే రకం కాదు. మా ఆయన అడగ్గానే "పట్టుకుపోండి అన్నయ్యగారూ, నాకు డ్రైనేజీ బాధ తప్పుతుంది" అని డబ్బాలకు డబ్బాలు ఇచ్చేసేది. ఆయన దాన్ని పాత పంచెలో వడగట్టి, వేడిచేసి, మెథనాల్ అనే స్పిరిట్టూ కాస్టిక్ సోడా కలిపి డ్రమ్ములో వదిలేసేవారు. మర్నాటికి మడ్డి అడుగుకు దిగి, పైన తేనె రంగు ద్రవం తేలేది. దాన్ని కడిగి ఆరబెడితే జీపు తాగేసేది. ఆ స్పిరిట్టు ఉన్న వైపు నన్ను కూడా రానిచ్చేవారు కాదు, అంత జాగ్రత్త.

ఇక డబ్బాలు తిరిగి పంపే పని నాది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మా ఇంటా వంటా లేదు. మా అమ్మ అయితే చారు గిన్నె వచ్చినా అందులో కాస్త పంచదారైనా వేసి పంపేది. నేనూ మొదట్లో డబ్బా కడిగి, అందులో కుండీలోని కరివేపాకో, కాస్త పంచదారో వేసి పంపేదాన్ని. ఓ వేసవిలో కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక, మెస్సులో పిల్లలు చీకట్లో అన్నం తింటున్నారని తెలిసింది. ఆయన "డబ్బాలో మనదే పోసి పంపరాదూ" అన్నారు. బాగుందనుకున్నాం. అప్పటినుంచి నూనె డబ్బా రావడం, అదే డబ్బాలో మా డీజిల్ పోవడం అలవాటైపోయింది.

ఆ ఏడాదే ఆయన సర్వీసు ముగుస్తోంది. విడుదలయ్యే రోజు చేతికిచ్చే పుస్తకంలో నడవడి ఎలాంటిదో ఒక మాట రాస్తారు. 'ఎగ్జంప్లరీ' అని రాస్తే అన్నిటికన్నా మేలు. బయట ఉద్యోగమిచ్చే ప్రతివాడూ ముందు చూసేది ఆ మాటే. ఎక్కడైనా కేసంటూ పడితే ఆ మాట సంగతి దేవుడెరుగు, విడుదలే ఆగిపోవచ్చు, పింఛను చిక్కుల్లో పడొచ్చు. ఆయన కుర్రతనమంతా ఆ ఒక్క మాట కోసమే ధారపోశారు.

సరిగ్గా అప్పుడే పై వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీ మెట్లు దిగుతూ డ్రమ్ము వంక చూసి, "మా అల్లుడు వకీలు కదా, ఇంట్లో డీజిల్ చేస్తే టాక్స్ చోరీ అంటున్నాడు, చూసుకో బేటీ" అనేసి వెళ్లిపోయింది. బుర్ర ఉన్నవాడెవడైనా ఆ పూటే డ్రమ్ము వదిలించుకుంటాడు. మా ఆయన సాయంత్రం టీ తాగుతూ తాపీగా అన్నారు:

"రేపు సెలవు పెట్టి అడిగొస్తాను."

"ఎవర్ని?"

"పన్నువాళ్లని. ఎంత కట్టాలో చెప్తే కట్టేస్తే సరి."

"ఏవండీ, మీకేమన్నా మతి పోయిందా? వాళ్లకి తెలీని సంగతి మీరే వెళ్లి చెవిలో ఊదొస్తారా?"

"ఇన్నేళ్లలో సంతకం లేకుండా ఒక్క నట్టు విప్పలేదే నేను. ఆఖర్లో దొంగచాటు పని చెయ్యమంటావా?"

అదీ వరస! విమానం రెక్క దగ్గర నేర్చుకున్న అలవాటును ఢిల్లీ ఆఫీసుల్లోకి మోసుకెళ్లారు. అమ్మకం పన్ను కౌంటర్లో "అమ్ముతున్నారా?" అన్నారట. లేదంటే, "అయితే ఇక్కడికెందుకొచ్చావు భాయ్?" అని ఎక్సైజుకు పంపారట. అక్కడ స్పిరిట్టు అన్న మాట వినపడగానే కుర్చీలో నిద్రపోతున్నవాడు లేచి కూర్చుని "దారూ?" అన్నాడట, సారా అనుకుని. ఈయన దారూ కాదు, జీపు, గారెలు అని మొదలుపెడితే చుట్టూ నలుగురు పోగయ్యారట. చివరికి ఒకాయన అడ్రసు రాసుకుని, ఎవరో వచ్చి చూస్తారని చెప్పి పంపాడు.

"వస్తారట!" అన్నారు ఇంటికొచ్చి, పెళ్లిచూపులకు ఒప్పుకున్నట్టు.

నా ఒళ్లు మండిపోయింది. "కోరి కొరివితో తల గోక్కున్నారు. మీ పుస్తకంలో ఏం రాస్తారో నేనూ చూస్తాను" అన్నాను. డ్రమ్ము పారబోసేద్దామన్నాను. వాళ్లొస్తే ఏం చూపించాలి అన్నారు. ఈ మనిషితో ఎలా వేగాలి దేవుడా! ఆ తర్వాత పాల భయ్యా బెల్లు కొట్టినా గుండె గుభేలుమనేది. రాత్రిళ్లు నిద్ర కరువైంది. ఆయన మాత్రం గురకపెట్టి పడుకుంటున్నారని తిట్టుకునేదాన్ని. ఒకరోజు వెలుగు రాకముందే లేచి చూస్తే, వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉత్తి గ్లాసు పట్టుకుని గోడ చూస్తున్నారు. ఆయనకూ భయమేనని అప్పుడర్థమైంది. ఇంక దెప్పడం మానేశాను.

ఓ శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నలభై దాటిన హర్యానా మనిషి, చేతిలో తోలు సంచీ. డ్రమ్ము మూత తీసి వాసన చూశాడు. స్పిరిట్టు బిల్లులు అడిగితే ఆయన చూపించారు. ఇంధనం కాస్త గాజు గ్లాసులో పోయించి వెలుతురుకు పట్టి చూశాడు.

"కిత్నా బేచా?" అన్నాడు. ఎంత అమ్మావని.

"ఒక్క చుక్క కూడా అమ్మలేదు సార్. జీపుకే."

అతను సరేనన్నట్టు తలూపాడు. గండం గట్టెక్కిందనుకుని నేను టీ తెచ్చాను. అప్పుడే అతని చూపు గడప పక్కకు పోయింది. అక్కడ మూతిదాకా నింపిన డబ్బా ఉంది. దానిమీద ఎర్ర రంగుతో ఇంత లావు అక్షరాలతో మెస్సు పేరు. నా ప్రాణాలు పైనే పోయాయి!

"యే కిస్‌కా హై?" అన్నాడు. ఇదెవరిదని.

ఆయనకు అబద్ధం రాదు, నిజం చెప్పలేరు. ఇంక నేనే అందుకున్నాను. నా హిందీ అంతంత మాత్రం, భయంలో అదీ పోయింది. "మెస్ వాలీ దీదీ కా హై సార్. వో తేల్ దేతీ హై. డబ్బా ఖాలీ కైసే వాపస్ దేంగే సార్?" అన్నాను. నూనె ఇచ్చే మెస్సు అక్కకు ఖాళీ డబ్బా ఎలా తిరిగిస్తామండీ, అని నిలదీసినట్టే అడిగాను.

ఇన్‌స్పెక్టరు టీ కప్పు కింద పెట్టాడు. "అంటే వాళ్లు నూనె ఇస్తారు, మీరు బదులుగా డీజిల్ ఇస్తారు. మెస్సు వ్యాపారం. బదులుకు బదులు ఇస్తే అదీ అమ్మకమే అనొచ్చు మా పైవాళ్లు" అన్నాడు హిందీలో. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అటెన్షన్‌లో నిలబడిపోయారు. మనిషి గుమ్మంలో నిలబడి తన సర్వీసంతా కళ్లముందు కూలిపోతుంటే చూస్తున్నట్టు నిలబడ్డారు.

అతను మొబైల్ తీసి వరండాలోకి వెళ్లి పై అధికారికి ఫోన్ చేశాడు. మాకు ఇటువైపు మాటలే వినపడుతున్నాయి.

"జీ సర్... నహీఁ సర్, దారూ నహీఁ... పకోడే కా తేల్... జీ, పకోడే... నహీఁ సర్, మై మజాక్ నహీఁ కర్ రహా..."

పకోడీల నూనేనని, వేళాకోళం కాదని నమ్మించాక డబ్బా సంగతి చెప్పాడు. అవతల ఏమన్నారో కానీ చాలాసేపు వింటూ ఉండిపోయాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో పరాయివాళ్ల ముందు అలా పట్టుకున్నది అప్పుడే.

అతను లోపలికి వచ్చి మొదట నన్నే అడిగాడు. "డీజిల్ మొదలెట్టకముందు డబ్బాలో ఏం వేసి పంపేవారు?"

"కరీ పత్తా సార్. ఒక్కోసారి చీనీ."

"అదే వెయ్యండి. మా సాబ్ అదే చెప్పమన్నారు" అన్నాడు. అప్పుడు మొదటిసారి నవ్వాడు. ఆ తర్వాత మా ఆయనకు చెప్పింది ఇది: అమ్మితే అమ్మకం పన్ను, అమ్మకపోతే లేదు. తయారీ మీద సుంకం పెద్ద పెద్ద ఫ్యాక్టరీలను చూసుకుంటుంది కానీ పెరట్లో డ్రమ్ముకు కాదు. స్పిరిట్టు మాత్రం ఇంట్లో ఎక్కువ పెట్టుకోకూడదు. ఇంట్లో చేసుకుని ఇంట్లో కాల్చుకునేవాడిని ఏం చెయ్యాలో ఇంకా ఎవరూ రాయలేదు, రాసినప్పుడు చూద్దాం.

"కేసు?" అన్నారు మా ఆయన.

"కాహే కా కేస్? మీరే వచ్చి అడిగారు కదా. ఘర్ కా ఘర్ మే జలావ్" అని, ఇంట్లోది ఇంట్లోనే కాల్చుకోమని చెప్పి సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

హమ్మయ్య! గేటు పడిన చప్పుడు కాగానే నేను గడప మీదే చతికిలబడ్డాను. ఆయన పక్కనే కూర్చుని ఆ చల్లారిన టీ గటగటా తాగేశారు. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. పై వాటా ఆంటీ ఏమైందోనని కిందికి దిగొస్తే, చెప్పడానికి కూడా ఊపిరి అందలేదు. ఆవిడా నవ్వేసింది, ఎందుకో తెలియకుండానే. కుండీలో కరివేపాకు ఆ సాయంత్రమే మునిర్కా వెళ్లింది. అక్క ఏమీ అనుకోలేదు, నూనె ఇస్తూనే ఉంది.

విడుదల రోజు నేనూ వెళ్లి గేటు బయట జీపులో కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆయన బయటికొచ్చి పుస్తకం నా ఒళ్లో పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఎ-గ్జం-ప్ల-రీ. మళ్లీ చదివాను. రోడ్డు మీద అందరూ చూస్తున్నా ఆగకుండా ఏడ్చేశాను. "ఊరుకోవే, గేటు దగ్గర సెంట్రీ చూస్తున్నాడు" అన్నారు, తనూ కళ్లు తుడుచుకుంటూ.

బండి కదిలింది. ఎన్నాళ్ల నిద్ర బాకీయో, సీటుకు తల ఆనించానో లేదో ఒళ్లు తెలియలేదు. మెలకువ వచ్చేసరికి ఎండ పల్చబడింది. రోడ్డు కొత్తగా ఉంది.

"ఎక్కడున్నాం?"

"గుర్గావ్ దాటాం. ఇంటి మలుపు దగ్గర నిన్ను లేపబుద్ధి కాలేదు. ఇలా తిప్పుతూ ఉన్నాను."

"ఇంతసేపూనా! ఎంత డీజిల్ తగలేశారండీ?"

"మనదేగా" అన్నారు. "ఎవర్నీ అడగక్కర్లేదు."

అడగక్కర్లేదన్న మాట ఆ మనిషి నోట వినడం నాకదే మొదటిసారి. ఇంకాస్త దూరం పోనివ్వండి, అని మళ్లీ కళ్లు మూసుకున్నాను.